అద్దాల గదిలో అల్లుడు

న్యూజిలాండు దక్షిణ దీవిలో మ్యాచ్ ఆడుతూ మంచు మీద శశిధర్‌ని కింద పడేసిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆరడుగుల తెల్లవాళ్లున్నారు, తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు రానివ్వని భుజాలవాళ్లున్నారు, రైలింజన్లలా దూసుకొచ్చేవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, శశిధర్ మోకాలికి మంచు తగిలించలేకపోయాడు.

శశిధర్‌ది అద్దంకి పక్క పల్లె. చదువుకోవడానికి క్రైస్ట్‌చర్చ్ వచ్చాడు, రిక్కార్టన్‌లో ఒక ఫ్లాట్‌లో నలుగురితో సర్దుకున్నాడు, చదివిందొకటీ దొరికిందొకటీ అయి చివరికి ఒక కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ సెటిల్ అయ్యాడు. వారమంతా జీతం కోసం చలి. శనివారం మాత్రం ఎదురు డబ్బులిచ్చి మరీ చలి. తనతో పనిచేసే క్రెయిగ్ సరదాకి నడిపే ఐస్ హాకీ టీంలో చేరాడు మరి. టీం పేరు ఈల్స్. మన మలుగుపాములన్నమాట. అడుగున కత్తి బిగించిన బూట్లు తొడుక్కుని, మంచుగడ్డ మీద జారుతూ, నల్ల రబ్బరు బిళ్లను కర్రతో గోల్‌లోకి కొట్టాలి. అదీ ఆట.

అలా ఉండగా మామగారు దిగారు. సుబ్బరామయ్యగారు తహసీల్దారుగా రిటైరైన మనిషి. కూతురు నవీనని ఇచ్చాక ఆ దేశం రావడం అదే మొదలు. వచ్చిన మర్నాడే అల్లుడు పనిచేసే చోటు చూస్తానని వెళ్లి చూసి, ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేశారు.

"బాగానే ఉందిరా. బస్తాలెత్తడానికి బండి కూడా ఇచ్చారు."

వంటింట్లో అన్నం తింటున్న శశిధర్ చెవిన ఆ మాట పడింది. ఈయన తిరుగు విమానం ఎక్కేలోగా ఈయన కళ్లముందు ఒక్కసారి మొనగాడిలా నిలబడాలి. ఇంక వేరే ధ్యాస లేదు.

సీజన్‌లో ఆఖరి ఆట హాక్స్‌తో. డేగలు. పాములకీ డేగలకీ పడుతుందా? ఆ రెండు టీంలకీ అంతే. ముందువారం ప్రాక్టీసయ్యాక శశిధర్ ధైర్యం కూడగట్టుకుని కెప్టెన్ని అడిగేశాడు.

"క్రెయిగ్, శనివారం నేను ఆడనా?"

క్రెయిగ్ బూటు తాడు విప్పుకుంటూ తలెత్తకుండానే, "యా... నా. యూ ఆర్ గుడ్, మేట్," అన్నాడు.

శశిధర్ ఇంటికి నడిచాడో ఎగిరాడో మరి, గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"నవీనా! క్రెయిగ్ నన్ను గుడ్ అన్నాడే!"

నవీన పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజంతా ఆ దేశపు మాటల మధ్యే ఉంటుంది. పోపు కలుపుతూ, "దానికి ముందేమన్నాడు?" అంది.

"యా అన్నాడు."

"యా తర్వాత?"

"ఏదో నసిగాడులే. గుడ్ అన్నది మాత్రం గట్టిగా అన్నాడు!"

ఆవిడ అతని మొహం వంక ఒక్క క్షణం చూసి, మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

అక్కడివాళ్లు 'యా... నా' అంటే 'వద్దు' అని. దాని వెనకే 'యూ ఆర్ గుడ్' అంటే 'నువ్వు మొనగాడివి' అని కాదు. 'అక్కర్లేదులే, ఉండు' అని. శశిధర్‌కి తెలియక కాదు. డైరీలో, అంటే అక్కడి వీధి చివర కొట్లో, పాలు కొన్నప్పుడు సంచీ కావాలా అంటే, 'ఐయామ్ గుడ్' అని తనే అంటాడు. ఆ రోజు మాత్రం చెవికి ఏం కావాలో అదే వినపడింది.

శనివారం రింకు దగ్గర, అంటే ఆ మంచు మైదానం దగ్గర, మా తెలుగువాళ్లు రెండు కార్ల జనం దిగారు. సుబ్బరామయ్యగారు మంకీ క్యాప్ మీద మఫ్లర్ చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. రమామణి ఆంటీ పులిహోర డబ్బా తెచ్చింది. డేగల బెంచీ నుంచి వినీత్ చెయ్యూపాడు. ఒకప్పుడు రిక్కార్టన్ ఫ్లాట్‌లో శశిధర్‌కి జూనియర్. ఈ రింకుకి మొదటిసారి తీసుకొచ్చిందీ శశిధరే, అతని జాకెట్ అంచు పట్టుకుని నిలబడడం నేర్చుకుందీ ఈ వినీతే. తర్వాత అవతలి టీంకి పోయాడు.

"అన్నా, ఇవాళ దిగుతున్నావా?"

"దిగక? నీకోసమేరా, కాసుకో!"

ఆట మొదలైంది. శశిధర్ నీళ్లసీసాలు అందించాడు. బెంచీ తలుపు తీశాడు, వేశాడు. దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు. క్రెయిగ్ చూపు అతని దాకా వచ్చి, పక్కవాడి మీదికి దూకిపోతోంది.

"అల్లుడు ఎప్పుడు దిగుతాడమ్మా?" సుబ్బరామయ్యగారి గొంతు రింకంతా వినిపించింది.

"చివర్లో నాన్నా," అంది నవీన.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా రెండు వైపులా గోల్స్ సమానం. అప్పుడు ఈల్స్ వాళ్లు కంగారులో పొరపాటు చేశారు. ఒకడు బెంచీ ఎక్కకముందే ఇంకొకడు దిగాడు. మంచు మీద ఒక మనిషి ఎక్కువ. రిఫరీ విజిలేశాడు. క్రెయిగ్ బెంచీ పొడుగునా చూసి, మొదటిసారి శశిధర్ దగ్గర చూపు ఆపాడు.

"షాష్! నువ్వెళ్లు!"

శశిధర్ బెంచీ ముందున్న పొట్టి గోడ మీంచి దూకాడు. అవతల రమామణి ఆంటీ ఈల వేసింది. కర్ర నేలకానించి, నడుం వంచి, సర్రున రింకు నడిమికి పోయి ఆటకి సిద్ధంగా నిలబడ్డాడు. రిఫరీ వచ్చి మోచెయ్యి పట్టుకుని, మంచుకి అవతలి గట్టున ఉన్న అద్దాల గది చూపించాడు.

టీం మొత్తం చేసిన తప్పుకి ఒకడు ఆ గదిలో రెండు నిమిషాలు కూర్చోవాలి. ఆ సేపూ టీం ఒక మనిషి తక్కువతో ఆడాలి. అలాంటప్పుడు ఆడగలిగినవాణ్ణి పంపుతారా ఎవరైనా?

శశిధర్ లోపలికి వెళ్లాడు. తలుపు పడింది. ఎదురుగా మావాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. సుబ్బరామయ్యగారు మఫ్లర్ విప్పి ఊపుతున్నారు, అల్లుడికి వేరే గది ఇచ్చారని. నవీన ఒక్కతే కూర్చుని ఉంది.

ఆ రెండు నిమిషాలు పూర్తి కాకముందే వినీత్ గోల్ కొట్టాడు. గోల్ పడితే శిక్ష అయిపోయినట్టే. తలుపు తెరిచారు. శశిధర్ మంచుకి అడ్డంబడి బెంచీకి తిరిగొచ్చాడు. అతన్ని ఎవరూ చూడలేదు. మావాళ్లంతా 'మనవాడే! మనవాడే!' అంటూ వినీత్‌కి చప్పట్లు కొడుతున్నారు.

కథ మొదట్లో నేను కోసిన కోతలో అబద్ధం ఒక్క ముక్క లేదండోయ్. అతన్ని పడేసినవాడు నిజంగానే లేడు. సీజనంతా బెంచీ మీదే కూర్చుని, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మంచు దాటినవాణ్ణి ఎవడొచ్చి పడేస్తాడు?

డేగలే గెలిచారు. కారు డిక్కీలో సంచీ పెడుతూ శశిధర్ నవీనని అడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా?"

"పన్నెండేళ్లుగా నువ్వు మంచోడివని నేనంటే నీకు వినపడలేదు. వాడు అనకపోయినా వినపడింది. అందుకే వాడి దగ్గరే తెలుసుకోమని ఊరుకున్నా." డిక్కీ ధనామని వేసింది.

కారు కదిలాక సుబ్బరామయ్యగారు ముందు సీట్లోంచి అడిగారు.

"అల్లుడు గారూ, ఆ అద్దాల గదిలో మిమ్మల్ని ఒక్కరినే కూర్చోబెట్టారే, ఎందుకని?"

వెనక నుంచి నవీన, "అదీ నాన్నా..." అని ఏదో సర్దబోయింది.

"ఆటకి అక్కర్లేనివాణ్ణి అందులో కూర్చోబెడతారు మావయ్య గారూ," అన్నాడు శశిధర్. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

పెద్దాయన చెయ్యి చాపి అల్లుడి భుజం తట్టి, "అడగ్గానే నిజం చెప్పావు. అదే చాలు నాయనా," అన్నారు.

ఇందాకటి వరకు చెప్పిందంతా జరిగిందే. ఈ భుజం తట్టడం ఒక్కటే నేను కల్పించింది. అల్లుణ్ణి అలా వదిలేయడానికి మనసొప్పలేదు. సుబ్బరామయ్యగారు భుజం తట్టలేదు, నాయనా అనలేదు. వెనక్కి తిరిగి కూతుర్ని అడిగారు.

"ఆ గోల్ కొట్టిన కుర్రాడిది ఏ ఊరమ్మా? పెళ్లయిందా?"