చావు ఆటలో బావ

రచయితకు తన బావ అంటే పడదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా ఎవరూ నమ్మరు. బావ అందరికీ తలలో నాలుక. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, ఎవరు ఇల్లు మారినా, ముందుగా వచ్చి నిలబడేది ఆయనే. "నేను చూసుకుంటాలే" అన్నది ఆయన ఊతపదం. అలా చూసుకుంటూ చూసుకుంటూ మామగారి చావును కూడా ఆయనే చూసుకున్నాడు.

నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రచయిత వేరే ఊళ్ళో, యానిమేలు, అంటే జపాన్ తరహా బొమ్మల సీరియళ్ళు, తీసే ఒక స్టూడియోలో కొత్తగా చేరాడు. ఫోన్ చేసినప్పుడల్లా బావే ఎత్తేవాడు. "కంగారేం లేదు కవిగారూ, మీ నాన్న బాగానే కోలుకుంటున్నారు. కొత్త ఉద్యోగం, సెలవు పెట్టి చెడగొట్టుకోకు" అనేవాడు నవ్వుతూ. అక్కకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆమెనూ ఇల్లు కదలనివ్వలేదు. చివరికి రచయిత వచ్చేసరికి అంతా అయిపోయింది. చుట్టాలు అతన్ని అదోలా చూశారు. ఆ చూపు ఎందుకో అప్పుడు అతనికి అర్థం కాలేదు.

చాలాకాలం తర్వాత నాన్న స్నేహితుడొకాయన, వాచీలు బాగుచేసే పెద్దాయన, బస్టాపులో ఎదురుపడ్డాడు. తిట్టడానికే ఆగాడు.

"నీకోసం ఒకటే కలవరించాడయ్యా మీ నాన్న. మీ బావ నా ఎదురుగానే చెప్పాడు, 'ఫోన్ చేశాను మామయ్యా, పనుంది రానన్నాడు' అని. ఇక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నువ్వు మరీ అంత రాతిగుండె వాడివనుకోలేదు."

రచయిత వచ్చిన బస్సు ఎక్కలేదు. బావ తనకు అలాంటి ఫోన్ ఎన్నడూ చెయ్యలేదు. ఆ మాట ఇంటికి వెళ్ళి అడుగుదామనుకుంటూనే కొన్నాళ్ళు నాన్చాడు. ఈలోగా వాచీల పెద్దాయన కూడా పోయాడు. ఇక సాక్షి లేడు. బావ ముందు నిలబడి అడిగితే అబద్ధాలకోరు అనిపించుకునేది తనే. పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాడు.

ఆ సమయంలోనే స్టూడియో వాళ్ళు అతనికి ఒక చావు ఆట యానిమే రాసే పని ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని మనుషుల్ని ఒక భవనంలో పడేసి తాళం వేస్తారు, ఆటలో ఓడినవాడు చస్తాడు. రచయితకు కడుపులో మంట వెళ్ళగక్కడానికి దారి దొరికింది. తనను ఏడిపించిన వాళ్ళందరినీ వరసబెట్టి అందులోకి లాక్కొచ్చాడు. బడిలో బెత్తంతో కొట్టిన డ్రాయింగు మాస్టారిని యాసిడ్ తొట్టిలో ముంచాడు. పాత మేనేజరు కళ్ళు పీకించాడు. ఇంటి ఓనరును ముక్కలు చేయించాడు. ఇక బావను, అంటే బావ అనుకుని రాసినవాణ్ణి, రంపపు మిషను కింద పడుకోబెట్టాడు. ప్రతివాడూ చచ్చే ముందు వికటంగా నవ్వుతాడు, కత్తి నాకుతాడు, చిన్నప్పుడు పిల్లిని చంపిన ఫ్లాష్‌బ్యాక్ ఒకటి చూపిస్తాడు, ఆపైన పోతాడు. రాస్తున్నంతసేపూ రచయితకు ఒళ్ళు పులకరించింది.

రంపపు ఎపిసోడ్ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం అతను పనిగట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. బావ మొహం చూడాలి. అదీ కోరిక.

బావ సోఫాలో కూర్చుని, కమలాపండు తొక్కను తెగకుండా గుండ్రంగా తీస్తూ, తొనలన్నీ పక్కవాళ్ళకు పంచుతూ చూశాడు. రంపం దిగింది. తెర ఎర్రబడింది.

"అబ్బ, వీడెవడో గానీ భలే చచ్చాడురా," అన్నాడు బావ. "ఇంతకీ వీడేం చేశాడు? నేను మధ్యలో లేచెళ్ళానా?"

"లేదు, ఇక్కడే ఉన్నావు," అంది అక్క. "వాడు ఊరికే చెడ్డవాడంట. అంతే."

"మా కవిగారికి ఎంత ధైర్యం వచ్చిందో," అని బావ అతని వీపు తట్టాడు.

రచయిత తన తొనను తినకుండా పళ్ళెంలో పెట్టేశాడు.

జనం కూడా బావలాగే చూశారు. రక్తం బాగుందన్నారు. ఎవడు ఎలా చచ్చాడో చెప్పగలిగారు గానీ, చచ్చిన వాళ్ళలో ఒక్కడు కూడా ఎవరికీ గుర్తు లేడు. రెండో సీజన్‌కు కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. ముక్కుసూటి మనిషి. అతన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నీకు వీళ్ళ మీద బాగా కోపం ఉంది. అది కనబడుతోంది. మనుషులే కనబడట్లేదు. రంపం కింద పడుకున్నవాడు రోజూ పొద్దున్న లేచి ఏం చేస్తాడు?"

"చెడ్డవాడు మేడమ్."

"చెడ్డవాడికి పొద్దున్న అవదా? ఎవరి మీదైతే కసి తీర్చుకోవాలనుకున్నావో, ఆ మనిషి ఇది చూశాడా?"

రచయిత తల దించుకున్నాడు. "చూశాడు. భలే చచ్చాడురా అన్నాడు."

డైరెక్టరమ్మ నవ్వలేదు. "మరి తప్పు ఎవరిది? ఈసారి ఒక ఎపిసోడ్ ఇస్తాను. చుక్క రక్తం ఉండకూడదు. వాడు తనను తాను గుర్తుపట్టాలి. చేతనైతే రాయి."

ఆ రోజు నుంచి రచయిత ప్రతి ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి తయారయ్యాడు. ప్రేమ పుట్టుకొచ్చిందనుకుని బావ మురిసిపోయాడు. రచయిత మాత్రం వేటగాడు పొదలో కూర్చున్నట్టు కూర్చుని బావను చూశాడు. ఎవరి ఫోన్ మోగినా ముందు లేచేది బావే. ఎవరికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఆయనే తేలుస్తాడు. అబద్ధం చెప్పేటప్పుడు అందరిలా చూపు తిప్పుకోడు. ఎదుటివాళ్ళ కాలరో, జుట్టో, దుప్పటో సర్దుతూ, గొంతు మెత్తగా చేసి చెబుతాడు. ఇంకోటి కూడా కనిపెట్టాడు. ఎవరైనా బావ చేసిన పనికి ఇంకొకరిని మెచ్చుకుంటే, ఆయన నవ్వు ఒక్క క్షణం ఆగిపోతుంది.

అక్కడ దొరికాడు బావ. నాన్నకు ఒళ్ళు తుడిచిందీ, మందులు మింగించిందీ, రాత్రింబవళ్ళు కుర్చీలో కూర్చున్నదీ బావ. నాన్న అడిగిందేమో కొడుకుని. అది తట్టినప్పుడు రచయితకు జాలి కలగలేదు. ఇంతకాలం మొండి కత్తితో పొడుస్తున్నానని తెలిసి సిగ్గేసింది. ఈసారి కథలోని బావకు తల్లిలాంటి ఓపికనిచ్చాడు, చక్కటి నవ్వునిచ్చాడు, పండు తొక్క తీసే నేర్పునిచ్చాడు. ఒక్క మంచి గుణం కూడా తగ్గించలేదు.

ఎపిసోడ్‌లో ఆటగాళ్ళను ఒక హాల్లో బంధిస్తారు. అక్కడ ఒకే ఫోన్ ఉంటుంది. ఇళ్ళనుంచి వాళ్ళకు ఫోన్లు వస్తాయి. అందరూ పెద్దమనిషి అని పిలిచే ఒకాయన, "మీరు విశ్రాంతి తీసుకోండి, ఫోన్ సంగతి నేను చూసుకుంటాలే" అంటాడు. ఒక అమ్మాయికి వాళ్ళమ్మ ఆఖరి ఘడియల్లో ఫోన్ చేస్తుంది. పెద్దమనిషి ఫోన్‌లో, "మీ అమ్మాయి మాట్లాడనంటోందమ్మా" అంటాడు. వెనక్కి తిరిగి, అమ్మాయి కాలరు సర్దుతూ, "రాంగ్ నంబరమ్మా" అంటాడు. అందరూ నిద్రపోయాక, పెట్టేసిన ఫోన్ ముందు కూర్చుని తనలో తనే అనుకుంటాడు: "అందరికీ చేసేది నేను. అడిగేది మాత్రం ఇంకెవర్నో." ఆ రోజు ఆట ముగిసేటప్పుడు, ఆట నడిపేవాళ్ళు రికార్డు చేసిన ఆ ఫోన్లన్నీ మైకులో వినిపిస్తారు. ఎవరూ ఆయన్ని కొట్టరు. లేచి హాలుకు రెండోవైపు వెళ్ళిపోతారు, అంతే.

అది వచ్చిన ఆదివారం కూడా రచయిత అక్క ఇంట్లోనే ఉన్నాడు. పెద్దమనిషి మొదటిసారి నోరు విప్పగానే అక్క నవ్వింది. "అచ్చు నువ్వే," అంది మొగుడితో. బావ కూడా నవ్వాడు. కాలరు సర్దే చోట అక్క నవ్వు ఆగింది. ఫోన్ ముందు ఒంటరి మాట వచ్చేసరికి బావ చేతిలో పండు అలాగే ఉండిపోయింది.

అయిపోయాక ఎవరూ లేవలేదు. అక్క మొగుడివైపు తిరిగింది.

"మా నాన్న పోయేముందు తమ్ముణ్ణి చూడాలని అడిగాడా?"

"ఇప్పుడెందుకే అవన్నీ, నువ్వు అప్పుడు వట్టి మనిషివి కాదు..." అంటూ బావ ఆమె జుట్టు చెవి వెనక్కి సర్దబోయాడు.

అక్క ఆ చేతిని పట్టుకుని ఆయన ఒళ్ళోనే పెట్టింది. "అడిగాడా అంటున్నాను."

"అడిగాడు."

"తమ్ముడు రానన్నాడని చెప్పింది నువ్వేనా?"

బావ సోఫా మీది తొక్కలు ఏరడం మొదలుపెట్టాడు. అక్క లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

వారం తిరక్కముందే బావ స్టూడియోకు వచ్చాడు. గడ్డం మాసింది. బొమ్మలకు రంగులేసే గదుల మధ్య నడవాలో, బెంచీ అంచున కూర్చున్నాడు. ఆయన ఒక మనిషి దగ్గరకు వచ్చి ఊరికే కూర్చోవడం రచయిత ఎప్పుడూ చూడలేదు.

"మీ అక్క పద్దు పుస్తకంలో రాసుకున్నట్టు ఒక్కొక్కటే అడుగుతోందిరా. ఆ రోజు ఎవరు ఫోన్ చేశారు, ఈ రోజు ఎవరు చేశారు, నాకు చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయి అని. చుట్టాలందరికీ తనే చెప్పేసింది. ఎవరింటికి వెళ్ళినా టీ ఇస్తున్నారు, మాట్లాడట్లేదు."

"ఊఁ."

"అక్కడ ఉన్నది నేనురా. మీ నాన్న దగ్గింది నా చేతుల్లో. నీ పేరే తలిచాడు. ఆ ఒక్క మాట నోరు జారి అన్నాను."

"నోరు జారలేదు బావా. నేను ఫోన్ చేస్తే బాగున్నాడని కూడా చెప్పావు. రెండు వైపులా చూసుకున్నావు."

బావ నేలవైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పెద్దమనిషి... తర్వాతి ఎపిసోడుల్లో ఏమవుతాడు?"

"ఉంటాడు."

"చంపెయ్యరా వాణ్ణి. నీ ఇష్టం, రంపమే పెట్టు. పోతే జనానికి జాలన్నా పుడుతుంది. నాలుగు రోజులకి మర్చిపోతారు. అలా కూర్చోబెట్టి ఉంచకు."

రచయితకు ఆ మాట కోసమే ఇన్నేళ్ళూ బతికినట్టు అనిపించింది. తొందరపడకుండా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు.

"వాడు చావడు బావా. ఆఖరి ఎపిసోడ్ దాకా ఉంటాడు. ఆటలో అందరికంటే ఎక్కువ బతికేది వాడే."

బావ లేచాడు. ఏదో అనబోయి, అలవాటు కొద్దీ రచయిత భుజం మీద దుమ్ము దులపడానికి చెయ్యెత్తి, మధ్యలోనే దించేసుకున్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రచయిత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

అక్క చాలా రోజులకు ఫోన్ చేసింది.

"నీకు ముందే తెలుసు కదూ? ఊరందరితో పాటు నన్ను కూడా టీవీ ముందు కూర్చోబెట్టి చెప్పావు. నాతో విడిగా చెప్పాలని తోచలేదా?"

"చెబితే నమ్మేదానివా అక్కా?"

"నమ్మేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని. అయినా మన ఇద్దరి మధ్యే ఉండేది. ఆయనతో ఉంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు. నువ్వు మాత్రం కొన్నాళ్ళు ఇంటికి రాకు. నీ మొహం చూస్తే ఎవరిని చూసి రాస్తున్నావో అని భయమేస్తోంది."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. చాలా లోతుగానే గుచ్చుకుంది. అయినా జరిగినదాన్ని వెనక్కి తీసుకోవాలనిపించలేదు. సాయంత్రం డైరెక్టరమ్మ తర్వాతి ఎపిసోడ్ గురించి అడిగితే, ఈసారి ఆ అమ్మాయి గురించి రాస్తానన్నాడు. ఆమెకు అమ్మ ఆఖరి మాటలు సమయానికి చేరలేదు కదా, దాంతో ఏం చేస్తుందో చూడాలన్నాడు.

"ఏం చేస్తుంది?" అంది డైరెక్టరమ్మ.

"ఇంకా తెలియదు మేడమ్," అన్నాడు రచయిత. "ఊరుకోదని మాత్రం తెలుసు."