అయిదో పొగడవరం

ఆత్మకూరు అంటే ఏ ఆత్మకూరు అని అడుగుతారు జనం. కర్నూలు వైపు ఒకటుంది, అనంతపురం వైపు ఇంకొకటుంది. ఉదయగిరి సంగతీ అంతే. ఒకే పేరు పది చోట్ల ఉంటే దానికి విలువేముంటుందని నేననుకునేదాన్ని. మా నాయనకు మాత్రం అదే పెద్ద ఘనత.

మా నాయన మల్లికార్జునం రిటైరైన తెలుగు మాస్టారు. మా ఊరు పొగడవరం. అసలు ఊరు సోమశిల డ్యాం నీళ్లలో మునిగిపోయింది. అక్కడినుంచి లేపిన జనాన్ని ఆత్మకూరుకు ఇవతల మెట్టభూమిలో దింపితే, కాలనీకీ ఆ పేరే పెట్టుకున్నారు. నేను పుట్టింది ఇక్కడే. మొత్తం నలభై రెండు ఇళ్లు. పోయిన ఏడాది ఆ ఇళ్ల మీదుగా కొత్త కాలువ పోతుందని నోటీసులొచ్చాయి.

కాలనీ అంతా ఏడుస్తుంటే మా నాయన పుస్తకాలు ముందేసుకున్నాడు. ఎక్కడో పాత గుడి కోసం రోడ్డును పక్కకు జరిపారని పేపర్లో చదివాడట.

"మనది పాత ఊరని రుజువైతే కాలవను తిప్పుతారు ఉషా" అన్నాడు. ఎవరు చెప్పినారని అడిగితే కోపం.

ఉదయగిరిలో ఆయన స్నేహితుడు గురుస్వామికి పాత యాత్రా పుస్తకాల పిచ్చి. మా నాయన వారానికి రెండుసార్లు బస్సెక్కి పోయి, అట్టలూడిన ఆ పుస్తకాలు తిరగేసేవాడు. ఏడు నెలలకు దొరికింది. గంజాం సీమలో ఋషికుల్య నది ఒడ్డున పొగడవరమని ఒక యాత్రికుడు రాశాడు. శ్రీశైలం అడవుల కింద, కృష్ణ ఒడ్డున పొగడవరమని నూరేళ్ల తర్వాత ఇంకొకాయన. చివరికి పెన్న ఒడ్డున, డ్యాంలో మునిగిన మా పాత ఊరినే, గుర్రమెక్కి తిరిగిన ఒక దొర రాశాడు. మూడు చోట్లా అవే ఇంటిపేర్లు, అదే అమ్మవారు.

"చూసినావా, మన పేరు మూడు దేశాల్లో ఉండాది!" అంటూ నా షాపుకొచ్చాడు. బస్టాండు దగ్గర నాది జెరాక్సు, టైపింగు షాపు. గిరాకీ ఆపి మరీ ఆయన అర్జీకి కూర్చున్నాను.

టైపు చేస్తుంటే నాకు అసలు సంగతి కనబడింది. ఆయన ఊరి పేరు కింద ఎర్రగీతలు గీసుకున్నాడే గానీ చుట్టూ ఉన్న వాక్యాలు పట్టించుకోలేదు. గంజాంలో ఏరు పొంగితే ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్లని ఉంది. కృష్ణ ఒడ్డున, దండు ఊరు తగలబెడితే పారిపోయి వచ్చి గుడిసెలు వేసుకుంటున్నారని ఉంది. పెన్న ఒడ్డున, కరువుకు కదిలి వచ్చి కొత్తగా దిగారని ఉంది. ఎవరు ఎక్కడ చూసినా మావాళ్లు అప్పుడే మూటలు దించిన జనమే.

చెబుదామని నోటిదాకా వచ్చింది. ఏడు నెలలుగా సరిగా తినని మనిషి ఆ రోజు పక్క హోటల్లో రెండు దోసెలు తినొచ్చాడు. నేను నోరు మూసుకుని పేజీలన్నీ జెరాక్సు తీసి అర్జీకి జతచేశాను. ఆ పిరికితనానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

విచారణకు కాలనీవాళ్లంతా పోయాం. ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. మా కర్మ కాకపోతే, కసిరేవాడైనా వచ్చుంటే మేమూ నాలుగు కసిరేవాళ్లం. ఆయన పేజీలన్నీ శ్రద్ధగా చదివాడు. మా నాయన వదిలేసిన వాక్యాలు కూడా చదివాడు.

"చాలా కష్టపడ్డారు మాస్టారూ" అన్నాడు. "కానీ మీ ఊరు ఎక్కడా స్థిరంగా ఉన్నట్టు లేదు. వరదొచ్చినా, కరువొచ్చినా పేరుతో సహా మళ్లీ నిలదొక్కుకున్నారు. కలువాయి దారిలో మీకు స్థలం చూశాం. అక్కడా నిలదొక్కుకుంటారు."

ఎగతాళి చెయ్యలేదు పాపం. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. మా నాయన కాగితాలు తీసుకుని, అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసు నాయనా."

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఈలోగా గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. "కొత్త కాలనీకి పొగడవరమనే రాసుకోమంటారా?"

"అదే రాయి నాయనా, ఇంకే పేరు పెడతాం" అంది మా పక్కింటి పెంచలమ్మ. వెనక అందరూ తలలూపారు.

"వద్దు" అన్నాడు మా నాయన. "ఆ పేరొద్దు. దాన్ని మోసుకోని ఇంకెన్ని ఊర్లు తిరగాల?"

"అదేంది మాస్టారూ అట్టంటావు? ఇల్లు పాయె, వాకిలి పాయె. పేరు కూడా లాక్కుంటావా?"

మా నాయన బల్ల ముందునుంచి పక్కకు జరిగాడు.

గుమాస్తా పొగడవరమని రాసి రిజిస్టరు మా వైపు తిప్పాడు. వరసగా సంతకాలు పెట్టాం. అందరికంటే వెనక మా నాయన పెట్టాడు, పేరు పక్కన ఊరు కూడా రాసి.