వాద్యం మంచిదే

మా ఊరి హైస్కూలు బ్యాండు వాద్యాలు బాగుచేసేది నేనే. నలభై ఒక్క ఏళ్లుగా. చదువు నాకు మూడో తరగతితో సరి. పత్తి ఏరే కాలం వస్తే మా నాన్న మమ్మల్నందర్నీ ట్రక్కెక్కించి ఉత్తరానికి తీసుకుపోయేవాడు, తిరిగొచ్చేసరికి తరగతి మమ్మల్ని దాటి వెళ్లిపోయేది. అందుకని బాగుచేసిన ప్రతి పెట్టెలో చీటీ మీద రెండే మాటలు రాసి పెడతాను. 'వాద్యం మంచిదే.' కింద ఒక అడ్డగీత. అది నా సంతకం. దాని మీద ఎవరూ ఎప్పుడూ మారుమాట అడగలేదు.

జూన్‌లో బడి మూయగానే సామానంతా నా గరాజుకి వస్తుంది. సొట్టలు పడ్డ ట్యూబాలు, బిగుసుకుపోయిన ట్రంపెట్లు, పెన్సిలు ముక్క లోపల ఇరుక్కున్న కొమ్ములు. ఆగస్టులో పిల్లలు ఎండలో కవాతు మొదలుపెట్టేలోపు అన్నీ తిరిగి వెళ్లాలి.

కిందటి ఏడాది ఆగస్టులో చివరగా మిగిలింది బేస్ క్లారినెట్. నల్లటి పొడుగాటి గొట్టం, నేలకి ఆనించి కూర్చుని వాయించేది. దాని రంధ్రాలు పెద్దవి, వేలితో మూయడం కుదరదు. వేలు మీటను నొక్కితే, మీట చివరనున్న మెత్తటి బిళ్ల వెళ్లి రంధ్రాన్ని మూస్తుంది. దాన్ని ప్యాడ్ అంటాం. ఒక్క ప్యాడ్ ఒక పక్క సరిగా కూర్చోకపోయినా గాలి కారుతుంది. గాలి కారితే కింది స్వరం పలకదు, బాతు అరిచినట్టు అరుస్తుంది.

కుడిచేతి ఉంగరపు వేలి ప్యాడ్ చిరిగింది. ఆ మందంవి అయిపోయాయి. డబ్బాలో కాస్త లావుది ఒకటుంది. అదే అంటించాను. అంటించాక సిగరెట్ కాగితంతో చూడాలి. సన్నటి పీలిక ప్యాడ్ కింద పెట్టి, మీట మెల్లగా మూసి, లాగాలి. కాగితం పట్టాలి, జారి వచ్చిందంటే సందు ఉన్నట్టే. చుట్టూ నాలుగు పక్కలా అలా చూడాలి. ఆ రోజు చూడలేదు. నోట పెట్టుకుని పైనుంచి కిందిదాకా ఒకసారి వాయించాను. మోగింది. చీటీ రాసి పెట్టెలో పడేశాను.

అక్టోబరులో తిజెరీనా మాస్టారు ఫోన్ చేశాడు. బ్యాండు నేర్పేది ఆయనే.

"పెద్దాయనా, ఒకసారి రండి. పోటీ దగ్గరికొచ్చింది, బేస్ క్లారినెట్ పలకట్లేదు."

వెళ్లాను. హాల్లో అరవై మంది పిల్లలున్నారు. వెనక వరసలో ఆ వాద్యం పట్టుకుని ఒక సన్నటి పిల్ల. పేరు అరసేలి. వాళ్లమ్మ నియెవెస్‌కి రైలు పట్టాల పక్కన టోర్తియాల కొట్టుంది, మొక్కజొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది.

"వాయించమ్మా," అన్నాడు మాస్టారు.

వాయించింది. పైన బాగానే ఉంది. కిందికి దిగేసరికి గాఁక్ అంది. ట్రంపెట్ల వరసలోంచి ఒకడు, "ఒరేయ్, బాతు గుడ్డు పెట్టింది!" అన్నాడు. హాలంతా నవ్వింది.

"వాద్యంలోనే ఏదో ఉంది తాతా. ఇంటిదగ్గర గంటలు గంటలు చేస్తున్నా," అంది ఆ పిల్ల నాతో.

నేను వాద్యం అందుకున్నాను. నావి పత్తి ఏరిన వేళ్లు, నలభై ఏళ్లు స్క్రూలు తిప్పిన వేళ్లు. పైనుంచి కిందిదాకా దిగాను. అట్టడుగు స్వరం కిటికీ అద్దాలు అదిరేలా పలికింది. పిల్లలు ఓహో అన్నారు.

"వాద్యం మంచిదే," అన్నాను. "వేళ్లలో బలం లేదు."

అంతే అన్నాను. నేను ఎక్కువ మాట్లాడను. కానీ ఆ మాటలు చాలాయి. ట్రంపెట్లవాడు "సేమ్యా వేళ్లు!" అన్నాడు, ఆ పేరు ఆ పిల్లకి అతుక్కుపోయింది. వారం తిరక్కుండా మాస్టారు ఆమెకి వాయించే ఇత్తడి తాళాలు ఇచ్చి డప్పులవాళ్ల పక్కన నిలబెట్టాడు. బేస్ క్లారినెట్ పెట్టెలోకి పోయింది.

మార్చిలో పెరట్లో నారింజ కొమ్మలు కొట్టబోయి నిచ్చెన మీదనుంచి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. జూన్‌కి కట్టు విప్పారు. చెయ్యి తెల్లగా, సన్నగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. కాఫీ కప్పు పట్టుకున్నా వణికేది.

బడి సామాను వచ్చింది. బేస్ క్లారినెట్ పెట్టె తెరిచాను. పైనే నా చీటీ. చెక్కు చెదరలేదు. వాద్యం బిగించి నోట పెట్టుకున్నాను. కిందికి దిగాను.

గాఁక్ అంది.

ఇంకోసారి ఊదాను. గాఁక్. వేలితో గట్టిగా నొక్కుదామంటే వేలికి శక్తి లేదు. అప్పుడు తీశాను సిగరెట్ కాగితం. ఉంగరపు వేలి ప్యాడ్ కింద పెట్టి లాగితే, వెనక పక్క పట్టింది. ముందు పక్క నీళ్లలోంచి తీసినట్టు జారి వచ్చేసింది. లావు ప్యాడ్ అంతే. వెనక పక్క మొదట తగులుతుంది, ముందు పక్క సందు మిగులుతుంది. నాలాంటివాడు బండగా నొక్కితే నలిగి మూసుకుంటుంది. పిల్లలు నొక్కినట్టు నొక్కితే మూసుకోదు. పిల్లల వాద్యాన్ని పిల్లల వేళ్లతో పరీక్షించాలని నాకు పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు. ఈక వాలినట్టు వాలాలిరా వేలు, అనేవాడు.

ఆ ప్యాడ్ సంగతి మరిచిపోయానని చెప్పాలనుంది. మరిచిపోలేదు. అక్టోబరులో ఆ హాల్లో, అట్టడుగు స్వరం దగ్గర, నా ఉంగరపు వేలు మామూలు కంటే గట్టిగా నొక్కింది. నొక్కుతున్నానని నాకు తెలుసు. ఎందుకు నొక్కుతున్నానో కూడా తెలుసు. అరవై మంది చూస్తున్నారు.

ప్యాడ్ పీకేసి సరైనది వేశాను. అన్నిటికీ కాగితం పెట్టి చూశాను. రెండుసార్లు చూశాను. తర్వాత బడికి వెళ్లాను. సెలవులైనా మాస్టారు బ్యాండు హాల్లోనే ఉంటాడు.

"ఏం పెద్దాయనా, పొద్దున్నే! ట్యూబాలో మళ్లీ పిల్లి దొరికిందా?" అన్నాడు మాస్టారు.

చెప్పాను. ఆయన నవ్వు ఆగింది. తల గోక్కున్నాడు.

"పోనీలెండి. పిల్ల తాళాలకి అలవాటు పడింది. ఇప్పుడు కెలికితే మళ్లీ బాధ కదా?"

"బేస్ క్లారినెట్ ఎవరికిచ్చారు?"

"ఎవరు ముట్టుకుంటారు? దయ్యం పట్టిందంటారు పిల్లలు."

"దయ్యం నేనే," అన్నాను.

ఆయన నావైపు చూసి, "వద్దనడానికి నేనెవర్ని? వెళ్లి చెప్పండి," అన్నాడు.

టోర్తియాల కొట్లో మిషను తిరుగుతోంది. అరసేలి వేడివేడి టోర్తియాలు డజన్లు డజన్లుగా కాగితంలో చుడుతోంది. వాళ్లమ్మ నన్ను చూసి చేతులు తుడుచుకుంది.

"రండి రండి, ఎలా ఉంది చెయ్యి? కాఫీ తాగుతారా?"

"వద్దమ్మా. మీ అమ్మాయితో పనుంది."

పిల్ల తలెత్తలేదు. చుడుతూనే ఉంది.

"ఆ ప్యాడ్ నేను వేసిందే," అన్నాను. "లావుది వేశాను. గాలి కారింది. నీ వేళ్లలో ఏ లోపమూ లేదు."

చుట్టడం ఆపింది. గల్లాపెట్టె పక్కనుంచి రబ్బరు బంతి తీసి నా ముందు పెట్టింది. పిసికి పిసికి దాని రంగు పోయింది.

"ఎనిమిది నెలలు తాతా. బస్సులో పిసికా. పడుకుని పిసికా."

"పిండి కూడా పిసికించా," అంది వాళ్లమ్మ మెల్లగా. "వేళ్లు గట్టిపడతాయని నేనే చెప్పా. మిషనుండగా చేత్తో కలిపించా. వేళ్లు నొప్పంటే, బద్ధకం అని తిట్టా కూడా."

బంతి తీసి నొక్కి చూశాను, నా వేళ్లకి నలగలేదు.

"నిజంగా తెలీక అన్నారా ఆ రోజు?" అని అడిగింది అరసేలి.

"కాగితం పెట్టి చూడలేదు," అన్నాను. అది నిజమే. కానీ ఆమె అడిగింది అది కాదు.

"సరే. ఇక్కడ చెప్తే నాకేం లాభం? మా అమ్మ పాత్రలు తోముతూ విని మర్చిపోద్ది. మీరు నన్నంది హాల్లో."

"ఏయ్, పెద్దవాళ్లతో అలాగేనా?" అంది నియెవెస్.

"అననీ అమ్మా," అన్నాను. "హాల్లోనే చెప్తాను. మళ్లీ వాయిస్తావా?"

"ముందు చెప్పండి. తర్వాత చూస్తా."

ఆగస్టు మొదటి సోమవారం వాద్యాలన్నీ దింపాను. పిల్లలు ఎవరి కుర్చీల్లో వాళ్లున్నారు. అరసేలి వెనక తాళాలు పట్టుకుని నిలబడింది. మాస్టారు కర్రతో స్టాండు మీద కొట్టాడు.

"మాట్లాడకండి! ఈయన ఏదో చెప్తారట."

"తాతకి మాటలొచ్చా?" అన్నాడు ట్రంపెట్లవాడు. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

దారిలో మాటలు కూడబలుక్కున్నాను. అన్నీ పోయాయి.

"పోయినేడు బేస్ క్లారినెట్ పలకలేదు," అన్నాను. "ప్యాడ్ లావుది వేశాను. తప్పు నాది."

అక్కడితో ఆగొచ్చు. మాస్టారు కర్ర ఎత్తాడు కూడా. అరసేలి నన్నే చూస్తోంది.

"ఇంకోటుంది," అన్నాను. "ఇక్కడ మీ ముందు వాయించినప్పుడు, ఆ ప్యాడ్ సంగతి నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చే గట్టిగా నొక్కాను. మీ ముందు చిన్నబోలేక ఆ పిల్ల మీదికి నెట్టాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ట్రంపెట్లవాడు తన వాల్వుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

అరసేలి తాళాలు కింద పెట్టింది. చప్పుడు రాకుండా పెట్టింది. ముందుకొచ్చి పెట్టె తెరిచింది. లోపల నా చీటీ లేదు. సిగరెట్ కాగితాల మడత పెట్టాను.

"ఇదేంటి?"

ఎలా చూడాలో చూపించాను. వాద్యం బిగించింది. నేననుకున్నాను, ఇప్పుడు వాయిస్తుంది, మోగుతుంది, నా గుండె బరువు దిగుతుంది అని. వాయించలేదు. కుర్చీలో కూర్చుని, ఒక పీలిక చించి, మొదటి ప్యాడ్ కింద పెట్టి లాగింది. చుట్టూ నాలుగు పక్కలా. తర్వాత రెండోది. అరవై మంది ఎదురుచూస్తున్నారు. మాస్టారు గడియారం చూసుకుని ఊరుకున్నాడు. ఆమె తొందరపడలేదు.

ఎడమచేతి చిటికెన వేలి ప్యాడ్ దగ్గర ఆగింది. మళ్లీ పెట్టి లాగింది.

"ఇది జారుతోంది," అంది.

"నేను చూశాను. పట్టింది."

"మీకు పట్టిందేమో. నాకు జారుతోంది."

నేను ఆ కాగితం అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. తనే మళ్లీ పెట్టి, ఈక వాలినట్టు వేలు వాల్చి, లాగి చూపించింది. జారింది.

నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాను. కీళ్లు కలుక్కుమన్నాయి. జేబులోంచి సన్న స్క్రూడ్రైవర్ తీశాను. చెయ్యి వణుకుతోంది. మీట కదలకుండా ఆమె పట్టుకుంది. కొంచెం తిప్పి, "ఇప్పుడు చూడమ్మా," అన్నాను.

లాగింది.

"ఇంకొంచెం," అంది.

ఇంకొంచెం తిప్పాను.