లోపలికి తెరుచుకునే తలుపు

ఆమెను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.

రొయ్యలు వలిచే ఆ షెడ్డులో అమోనియా గ్యాసు లీకై ఆరుగురు ఆడవాళ్ళు పోయి సరిగ్గా మూడు వారాలు. నేల కడిగించారు, గోడలకు సున్నం కొట్టించారు. అయినా తలుపు పక్క మూల వైపు ఎవరూ చూడరు. మధ్యాహ్నం పని ఆపించి, అరవై మందినీ బల్లల మధ్య కింద కూర్చోబెట్టి, కంపెనీ వాళ్ళు క్లాసు పెట్టించారు. పాఠం చెప్పడానికి మడత నలగని చొక్కాతో ఒక సారు వచ్చాడు.

"ఈమెను చూడండి. గ్యాసు రాగానే మీరంతా గుంపుగా తలుపు మీద పడ్డారు. ఈమె ఒక్కతే తన సంగతి తాను చూసుకుంది. ఐసు జార్చే కంతలోంచి బయటపడింది. కొట్టండి చప్పట్లు!"

చప్పట్లు ముక్కలు ముక్కలుగా మోగాయి. వాటి మధ్య ఆమెకు వెనక నుంచి దగ్గు వినిపించింది. తిరిగి చూడలేదు. తిరిగితే ఎవరూ ఉండరని తెలుసు. అంట్లు తోముతున్నా, జడ వేసుకుంటున్నా వెన్ను వెనకే, ఆ రోజు పోయిన తోటికోడలి దగ్గు. ఆ వెంటనే నడుం దగ్గర ఎవరో పట్టి లాగినట్టుంటుంది.

ఆ తోటికోడలి భర్త, ఆమెకు బావగారు, ఐసు కొట్టే మనిషి. గోడవారగా కూర్చున్నాడు. "చివర్లో తను ఏమైనా అందా?" అని ఆయన రోజూ అడిగేవాడు. "పొగలో నాకేం కనబడలేదు బావగారూ" అని ఆమె రోజూ చెప్పేది.

సారు గొంతు సవరించుకున్నాడు. "స్వార్థం అంటే తిట్టు అనుకుంటారు మీరు. కాదు. ఎవడి బతుకు వాడు బాగుచేసుకుంటే లోకం దానంతటదే బాగుపడుతుంది. పదిమంది కోసం అనేవాడున్నాడే, వాడు పదిమంది నెత్తినెక్కడానికి నిచ్చెన వెతుక్కునేవాడు!"

"అది మాత్రం నిజం," అన్నాడు బావగారు. అందరూ తలలు తిప్పారు. "మనకు సంఘం పెట్టినాయన ఏడి? అదిగో, సూపర్వైజరై నిలబడ్డాడు. ఎవరినీ నమ్ముకోకుండా నా రెక్కలు నేను నమ్ముకున్నాను. అంతో ఇంతో బాగానే బతికాం మేమిద్దరం."

సూపర్వైజరు వాచీ చూసుకున్నాడు.

అందరికంటే పాత మనిషి మామ్మ. ముప్పై ఏళ్ళుగా వలిచి వలిచి ఆమె వేళ్ళు కొంకర్లు పోయాయి. "నాకూ ఒక అనుమానం సారూ," అంది. "తలుపుకి బయట తాళం ఎందుకేస్తారు?"

"అది యాజమాన్యం..."

"మధ్యలో బయటికి పోతామని. అంటే వాళ్ళ మేలు వాళ్ళు చూసుకున్నారు. మీ పాఠం ప్రకారం తప్పు లేదు. మరి వాళ్ళ మేలుకి తాళం, తాళంచెవి రెండూ ఉన్నాయి. నా మేలు నేను చూసుకోడానికి నా దగ్గరేముంది? ఈ వేళ్ళా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు కూడా నవ్వబోయాడు. "గుంపుగా కాకుండా తెలివిగా..."

"ఇప్పుడూ వేసే ఉంది," అంది మామ్మ. "తమరు లోపలికి రాగానే వేశారు. వెళ్ళి చూస్కోండి."

సారు వెళ్ళి లాగాడు. రాలేదు. "వాచ్‌మన్!" అని అరిచాడు. కంప్రెసరు హోరులో ఆ అరుపు గడప దాటలేదు. ఆయన తెల్లచొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఆ వీపు చూస్తూ ఆమె ఇంక ఆగలేకపోయింది.

"సారు నన్ను మెచ్చుకున్నారు," అంది. "ఎలా బయటపడ్డానో చెబుతాను. నేను కంతలోకి దూరుతుంటే అక్క వెనక నుంచి నా ఏప్రాన్ పట్టుకుంది. దగ్గుతోంది. 'నన్నూ లాగవే' అంది. లాగితే ఇద్దరం ఇరుక్కుంటామనిపించింది. ఏప్రాన్ ముడి విప్పేశాను. అది ఆమె చేతిలో ఉండిపోయింది. నేను బయటపడ్డాను."

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది.

"ఎవరి సంగతి వాళ్ళు చూసుకోవడమంటే ఇదే. తలుపు దగ్గర మీరు చేసిందీ అదే. వాచ్‌మన్ వచ్చి తాళం తీశాడు, గుర్తుందా? అయినా తలుపు రాలేదు. లోపలికి తెరుచుకునే తలుపది. అందరం దాన్నే నెడుతున్నాం. గుంపు కాదు సారూ, అరవై ఒంటరి ప్రాణాలు. ఒక్క అడుగు అందరం వెనక్కి వేసుంటే అది తెరుచుకునేది. వెయ్యమని చెప్పుకునే అలవాటు మాకు లేదు. ఉండకూడదనే కదా ఈ క్లాసు!"

బావగారు లేచాడు. చేతిలోకి ఐసు కొట్టే సమ్మెట తీసుకున్నాడు. ఆమె మీదికే వస్తున్నాడనుకుని మామ్మ అడ్డం నిలబడింది. ఆమె మాత్రం తప్పుకోలేదు. కొడితే కొట్టనీ అనుకుంది.

ఆయన ఇద్దరినీ దాటి తలుపు దగ్గరికి వెళ్ళాడు. మడతబందుల మీద చెయ్యి పెట్టి తడిమాడు. బందుల చీలలు లోపలి వైపే ఉన్నాయి.

"వెనక్కి జరగండి," అన్నాడు. "అందరూ."

"ఏయ్, కంపెనీ ఆస్తి అది!" సూపర్వైజరు చెయ్యి పట్టుకోబోయాడు. నలుగురు ఆడవాళ్ళు మధ్యకి వచ్చి నిలబడ్డారు. అరవై మందీ ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకో అడుగు. మామ్మ లెక్కపెట్టినట్టు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటోంది. సమ్మెట దెబ్బలకు మూడు చీలలూ ఊడాయి. పది చేతులు తలుపును పట్టుకుని లోపలికి ఒరిగించి నేలమీద పడుకోబెట్టాయి. తాళం ఊడొచ్చిన గొళ్ళేనికే వేలాడుతోంది. ఎండ లోపలికి వచ్చింది. అందరికంటే ముందు బయటికి ఉరికింది సారే.

ఎవరూ పనిలో కూర్చోలేదు. తలుపు లేని గుమ్మంలో బైఠాయించారు. కబురు రోడ్డు పొడుగునా పాకింది. గంటలో పోలీసు జీపు వచ్చింది. ఆమెనూ బావగారినీ ఎక్కించారు.

"ఎవరు ముందు మొదలుపెట్టింది?" అన్నాడు ఎస్సై.

"తాళం వేసినవాడు," అంది మామ్మ గుమ్మంలోంచే. ఇంకో తలుపు బిగించడానికి వచ్చిన వెల్డరు ఆ ఆడవాళ్ళను చూసి, సామాను దించకుండానే బండి తిప్పుకున్నాడు.

జీపులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె తల ఎత్తలేదు.

"ముడి సంగతి నేను మర్చిపోలేను," అన్నాడాయన.

"మర్చిపోవద్దు బావగారూ. నేనూ మర్చిపోను."

జీపు కదిలింది. అదే యజమానివి, అలాగే బయట తాళాలేసినవి, ఇంకా మూడు షెడ్లున్నాయి ఆ రోడ్డు మీద. మొదటిదాని పక్కనుంచి వెళ్తుంటే లోపల ఆడగొంతు ఒకటి గట్టిగా వినిపించింది: "జరగండమ్మా, అందరూ వెనక్కి జరగండి!"

తర్వాత ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు.