నీ లోపల ఎవరే ఉన్నది?

"నీ లోపల ఎవరే ఉన్నది?" అంది మా అత్తగారు.

పొద్దున్నే ఆవిణ్ణి మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం నా పని. ఆవిడ రెండు చేతులూ నా మెడ చుట్టూ వేస్తుంది, నేను నడుం పట్టుకుని పైకి లాగుతాను. అప్పుడు ఆవిడ చెవి సరిగ్గా నా గుండెల మీద ఆనుతుంది. ఇవాళ అలా ఆనగానే నన్ను తోసేసి, మళ్ళీ దిండు మీద పడిపోయింది. "ఎవరో ఉన్నారే. లోపల్నించి దేన్నో పీకుతున్నారు."

నా ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే ఆ చప్పుడు కొన్నాళ్ళుగా నాకూ వినపడుతోంది. నేను బడిసంచులు కుట్టే షెడ్డులో పని చేస్తాను. సంచి మూతకి వెల్క్రో పట్టీ కుట్టాక ప్రతిదాన్నీ ఒకసారి పీకి చూడాలి, గట్టిగా ఉందో లేదోనని. చర్రుమంటుంది. రోజంతా వినీ వినీ ఆ చప్పుడు ఇంటిదాకా వెంటపడి వస్తోందనుకున్నాను. వంటింట్లో వంగితే సన్నగా చర్రుమనేది. బట్టల బకెట్టుతో మేడ మెట్లెక్కుతుంటే, నా వెనకే ఎవరో పట్టీ పీకుతూ ఎక్కుతున్నట్టుండేది. నేను ఊపిరి బిగబడితే అదీ ఆగేది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసేది.

నాకు కీళ్ళవాతం, రుమటాయిడ్ రకం. వేళ్ళు వాచి గరిటె కూడా పట్టుకోలేని రోజుల్లో "చేతులే పడిపోయాయి, నోరు బాగానే ఉంది" అనేవారు మా ఆయన. మందులు పడ్డాక వాపులు తగ్గాయి. తగ్గాయని తెలియడమే పాపం, ఇంటి పనంతా మళ్ళీ నా నెత్తిన పడింది. నడవలేని రోజుల్లో ఆయాసం సంగతే తెలియలేదు, నడక వచ్చాకే తెలిసింది. షెడ్డులో మేస్త్రి "ఏంటమ్మా, ఊపిరి కూడా వాయిదాల్లో పీలుస్తున్నావు?" అన్నాడు. మా ఆయనేమో "మేడెక్కితే ఆయాసం రాక పాట వస్తుందా?" అన్నారు. రెండుసార్లూ నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పోయిన వారం చేతులు చూపించుకోవడానికి వెళ్తే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పిడికిలి బిగించమని అంతటితో ఊరుకోలేదు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. "వెల్క్రో విప్పుతున్నట్టుందండీ," అంది. కీళ్ళని పట్టిన జబ్బే కొందరిలో ఊపిరితిత్తుల్నీ పట్టుకుంటుందట. అవి లోలోపల మచ్చలు కట్టి గట్టిపడతాయట. ఎంతవరకూ వచ్చిందో గొట్టంలో ఊదించి చూడాలి, స్కాన్ తీయాలి, ఆలస్యం చెయ్యొద్దు అంది. పోయింది తిరిగి రాకపోయినా, ఉన్నదాన్ని కాపాడే ప్రయత్నం చేద్దామంది. ఆ పరీక్ష ఇవాళే.

"కీళ్ళ జబ్బుకి ఊపిరి పరీక్షేంటి? రేపు మోకాలికి కళ్ళజోడు పెట్టమంటారు," అన్నారు మా ఆయన నిన్న. "నువ్వెళ్తే అమ్మనెవరు చూస్తారు? తర్వాత చూద్దాంలే."

ఇప్పుడు ఆ అమ్మే గోడవైపు జరిగిపోయి దణ్ణం పెడుతోంది. నా ముఖానికి కాదు, నా గుండెలకి.

"అత్తయ్యా, తప్పయిపోయింది. దీన్నొదిలెయ్."

అత్తయ్యంటే ఆవిడ అత్తగారు, మా ఆయన నాయనమ్మ. నేను ఈ ఇంటికి వచ్చేసరికే పోయింది.

"ఆవిడ వేళ్ళూ నీలాగే వంకరపోయాయే. నీళ్ళ బిందె దారిలోనే దింపేసి కూలబడేది. దొంగ ఆయాసం అనేదాన్ని. ఇంటిల్లిపాదీ అదే మాట. ఈ మంచం మీదే, చివరిసారి లేపి కూర్చోబెట్టినప్పుడు విన్నాను, ఇదే చప్పుడు. ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ నా చెవిలోనే ఉండి, ఇప్పుడు నీలో దూరింది."

గది ఒక్కసారిగా చల్లబడినట్టనిపించింది. నాలో ఏ ముసలమ్మా లేదని నాకు తెలుసు. అయినా ఊపిరి పీలిస్తే చర్రుమంది, ఉన్నానన్నట్టే. ఎవరూ నమ్మని ఊపిరి కోసం నోరు తెరుచుకుని ఆవిడ ఈ దిండు మీదే ఒరిగి ఉంటుంది. ఏడుపొచ్చింది నాకు, ఆవిడ కోసమో నా కోసమో.

"ఏంటా గోల? అమ్మని లేపావా?" హాల్లోంచి మా ఆయన.

"మీరొచ్చి లేపండి," అన్నాను. "నేను ఆస్పత్రికి వెళ్తున్నాను."

"నాకు నడుం నొప్పని తెలీదా నీకు?"

"నేను ఈ చేతుల్తో లేపట్లేదూ?"

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఏదో జోకు వెయ్యబోయారు కానీ, వాళ్ళమ్మ వణుకు చూసి ఆగిపోయారు. "దాన్ని వెళ్ళనీరా," అంది మా అత్తగారు, కొడుకు వైపు చేతులు చాచి. "నువ్వు లేపు."

చెప్పులేసుకున్నాను. గుమ్మం దాటబోతూ ఆయన తల పట్టుకుని, చెవిని నా గుండెలకి ఆనించాను. ఊపిరి నిండా పీల్చాను. ఆయన భుజాలు బిగుసుకుపోవడం తెలుస్తూనే ఉంది.

"మీ నాయనమ్మది పోయే ముందు మీ అమ్మ వింది," అన్నాను. "నాది బతికుండగా వినండి."