దున్నకు ఉప్పు పెట్టే చెయ్యి

థింఫూ నుంచి ఆవుల్ని చూడి కట్టించే సూదులు వచ్చాక ఊళ్ళో అందరూ జెర్సీ దూడలకే మొగ్గారు. మిథున్ దున్న ఇక మా ఇంట్లోదే మిగిలింది. అడవిదున్న వంశం, నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ కింద తెలుపు. దాన్ని మా పొట్టి కొండావులతో కట్టిస్తే పుట్టే జత్సం పెయ్యలే నా భార్య కెజాంగ్మోకు ఆస్తి. మనిషి పాకాల్సిన వాలు మీద అవి నిలబడి మేస్తాయి. వాటి పాలు చిలికితే వెన్న ముద్దలు ముద్దలుగా తేలుతుంది.

ఈ వేసవిలో దున్న ఒకరి మొక్కజొన్న చేను తొక్కింది. కంచె మేమే మళ్ళీ కట్టాం, కంకులకు కంకులు ఇచ్చాం. అయినా దాన్ని దిగువకు పంపెయ్యాలని ఊరిపెద్ద జంబే తేల్చాడు. రోడ్డు మీద లారీ వచ్చి ఆగింది.

అతని మనుషులు బండ మీద ఉప్పు పోసి పొద్దుటినుంచీ గొంతులు చించుకున్నారు. దున్న చెట్లలోంచి చూసింది, కదల్లేదు.

"నువ్వు పిలువు బావా. ఇంటి మగాడివి కదా," అన్నాడు జంబే.

"ఇల్లరికం వచ్చినవాణ్ణి. దున్న ఆవిడది, అడుగు."

"అక్కా, జెర్సీ బిందెడు పాలిస్తుంది. ఈ అడవి గొడ్లతో ఎన్నాళ్ళేగుతావు?"

"మొన్న లోయలోకి జారిపడిన నీ జెర్సీ ఇప్పుడెన్ని బిందెలిస్తోందిరా?"

అతని మనుషులే కిసుక్కుమన్నారు. జంబే మొహం ఎర్రబడింది. "దున్నను పంపకపోతే ఊరి బీడులో నీ పశువు అడుగు పెట్టడానికి వీల్లేదు!"

కెజాంగ్మో లోపలికెళ్ళి ఉప్పు సంచి తెచ్చింది. ఒక్క కూత వేసింది. దున్న పొదలు విరుచుకుంటూ దిగొచ్చి ఆమె అరచెయ్యి నాకింది. మనుషులు తాడైతే విప్పారు గానీ, ఎవడూ ముందుకు రాలేదు.

"పద," అంది దున్నతో.

కింది లారీ వైపు కాదు. పైకి, అడవి అవతల వాళ్ళ అమ్మమ్మ బీడు వైపు. జత్సం ఆవులు దూడల్ని వెంటేసుకుని ఆ వెనకే నడిచాయి.

"పైన ఇల్లు లేదక్కా! దారి కూడా లేదు!"

"దారి మా అమ్మమ్మ ఆవులు వేసి పోయాయి. ఇల్లు మా ఆయన కడతాడు."

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. గొడ్డలి, కవ్వం భుజాన వేసుకున్నాను.

"బావా, నువ్వైనా చెప్పు!" జంబే దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"వెన్న కావాలంటే ఎక్కి రా," అని పక్కనుంచి దాటాను. "వచ్చేటప్పుడు ఉప్పు పట్రా."