రంగు ముక్కల పెట్టె

స్కేలమ్మ కాగితాల కట్టను మిషను మీద సర్ది, స్టీలు స్కేలు ఆనించి, పిడి దించింది. అంచు సన్నని రిబ్బనులా తెగి కింది బుట్టలో పడింది. ఇరవై ఆరేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సులో ఆమెది ఇదే పని, ఆ పేరూ అక్కడ పడిందే. కుడి బొటనవేలి గోరు సగమే పెరుగుతుంది, మిగతా సగం ఎప్పుడో మిషను తినేసింది. బుట్టలోంచి ఒక నీలం ముక్కను ఏరి పని చొక్కా జేబులో వేసుకుంది. వేసుకున్నాక గుర్తొచ్చింది, ఇక దాన్ని అడిగేవాళ్లు ఉండరని.

మూడింటికి అక్క కూతురు వేరే ఊరికి బయలుదేరుతుంది. ఆరు నెలల శిక్షణ. ఆరు నెలలని వెళ్లినవాళ్లు ఎందరు తిరిగొచ్చారో స్కేలమ్మకు తెలుసు. పొద్దుటినుంచి ఆమెను తొలుస్తున్నది మాత్రం ఒకటే. పిల్ల ఆ రంగు ముక్కల పెట్టె తీసుకెళ్తుందా, లేదా?

అది చెప్పుల పెట్టె. పిల్ల డిజైను చదువుకని ఈ ఇంటికొచ్చి నాలుగేళ్లు. అప్పటినుంచి ప్రెస్సులో మిగిలిన రంగు ముక్కలన్నీ అందులోకే చేరాయి, ఎరుపు పక్కన నారింజ, నారింజ పక్కన పసుపు, వరుసగా. "పిన్నీ, వాన వెలిశాక గోడ ఉంటుందే, ఆ రంగుందా?" అని పిల్ల అడిగితే, స్కేలమ్మ చూడకుండానే వేలు పెట్టి తీసిచ్చేది. ఆమెను అలాంటిది అడిగిన మనిషి ఇంకొకరు లేరు.

ఈ వారం పిల్ల కూడా అడగలేదు. ఐదు రోజుల్లో నాలుగు బొమ్మలు కాలేజీలో అప్పజెప్పాలి. సోమవారం స్నేహితురాలెవరో చెప్పిందని కంప్యూటర్లో కొత్త బ్రౌజరు పెట్టుకుంది. ఇక అదే లోకం.

"చూడు పిన్నీ, ట్యాబులన్నీ పక్కన బుద్ధిగా నిలబడతాయి. ఒక్కో పనికి ఒక్కో గది, గదికో రంగు. నేను మర్చిపోయినా ఇది మర్చిపోదు."

"తిండి కూడా అదే పెడుతుందేమో కనుక్కో."

పిల్ల నవ్వింది, తెర వంక చూస్తూనే. రంగులు వరుసగా సర్దడం ఆ గాజు పలకకు నేర్పిందెవరని స్కేలమ్మకు కడుపు రగిలింది. ఈ వయసులో దీన్ని చూసి ఏడవడమేమిటని తనను తాను తిట్టుకుంది. మంట చల్లారలేదు.

గురువారం పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు, బల్ల తుడిచే గుడ్డతోనే మౌసు పట్టుకుని మూలనున్న గుర్తు నొక్కింది. గదులన్నీ మాయమయ్యాయి. తుడిచిన చోటే తుడుస్తూ నిలబడింది.

పిల్ల వచ్చి ఏదో నొక్కింది. అన్నీ ఎక్కడివక్కడ లేచొచ్చాయి.

"చూశావా? ఎవరు మూసేసినా నాకోసం దాచిపెడుతుంది."

పిల్ల మామూలుగానే అంది. స్కేలమ్మ ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

ఇవాళ ఒంటిగంటకు చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్తానని ప్రెస్సు ఓనరును అడిగింది.

"వెళ్లు స్కేలమ్మా. సోమవారం మాత్రం ఏడుస్తూ రాకు, మిషను తుప్పు పడుతుంది," అన్నాడాయన.

ఇంట్లో సూట్‌కేసు మూసి ఉంది. పెట్టె మంచం మీద, మూత తీసి ఉంది.

"ఇది సర్దుకోలేదేమే?"

"అక్కర్లేదు పిన్నీ. ఇటు రా."

తెర మీద కొత్త గది. దాని పేరు 'పిన్ని'. పెట్టెలోని ముక్కలన్నీ అందులో ఒక్కొక్క ఫోటోగా వరుసగా ఉన్నాయి.

"తెల్లారగానే లేచి అన్నీ ఫోటోలు తీశాను. నువ్వెప్పుడూ నా పక్కనే ఉంటావు. పైగా బరువే లేదు."

పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. స్కేలమ్మ చాలాసేపు చూసింది.

"వాన వెలిసిన గోడ ఇందులో నీలంగా ఉందే. అసలుది బూడిద."

"సరిచేసుకుంటాలే పిన్నీ."

"ఊఁ. సరిచేసుకో."

సూట్‌కేసు తనే గేటుదాకా మోసింది. చేరాక ఫోను చెయ్యమంది. చేస్తానంది పిల్ల. బండి వీధి మలుపు తిరిగింది.

స్కేలమ్మ లోపలికొచ్చి, జేబులోని నీలం ముక్కను దాని వరుసలో దోపింది. మూత వేయబోయి ఆగింది. ఆకుపచ్చల మధ్య ఎర్ర ముక్క ఒకటి ఉంది. తీసి సరిచేయడానికి వేలు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ముక్క వంకరగా, ఫోటో తీశాక పిల్ల తొందరలో దోపిన చోటే నిలబడి ఉంది.